45 లక్షల లోన్‌తో అమెరికాలో బయోమెడికల్ ఎంఎస్ చెయ్యొచ్చా? లక్ష డాలర్ల జీతం కాదు, ముందు ఈఎంఐ చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ బీటెక్ అయిపోవస్తోంది, అమెరికాలో ఎంఎస్‌కి రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి తూర్పు తీరంలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ, ఫీజు, ఖర్చులు అన్నీ కలిపి 48 లక్షలు. రెండోది మిడ్‌వెస్ట్‌లో స్టేట్ యూనివర్సిటీ, 34 లక్షలు. నాన్నగారు గవర్నమెంట్ టీచర్, ఇంకో ఐదేళ్లలో రిటైర్మెంట్. ఇల్లు తాకట్టు పెడితే 11 శాతం వడ్డీకి 45 లక్షల దాకా ఇస్తామన్నారు. చేతిలో ఒక క్యాంపస్ ఆఫర్ ఉంది, హాస్పిటల్ ఎక్విప్‌మెంట్ సర్వీస్, ఏడాదికి 3.6 లక్షలు. "అక్కడ బయోమెడికల్ ఇంజినీర్ల జీతం సగటున లక్ష డాలర్లంట, రెండేళ్లలో అప్పు తీరిపోతుందని కన్సల్టెన్సీలో చెప్పారు, నిజమేనా" అని అడిగావు.

సూటిగా చెప్తా. 48 లక్షల దానికి వద్దు. ఎంత పేరున్నా వద్దు. 34 లక్షల దానికి వెళ్లొచ్చు కానీ ఈ ఏడాది కాదు, అడ్మిషన్ డిఫర్ (వాయిదా) చేసుకుని, ఏడాదో రెండేళ్లో ఇక్కడ సరైన మెడికల్ డివైస్ ఉద్యోగం చేసి, లోన్ పాతిక లక్షల లోపుకి దించుకుని వెళ్లు. ఆ ఏడాది ఆగడం నీకు నష్టం కాదు, అప్పు తీర్చే శక్తి అక్కడే వస్తుంది. ఎందుకో వివరంగా చెప్తా, కొంచెం పొడుగవుతుంది, కానీ ఇల్లు తాకట్టు విషయం కాబట్టి ఓపిగ్గా చదువు.

నేనూ ఇదే డిగ్రీ అక్కడే చేశా, మెడికల్ డివైస్ కంపెనీల్లో వెరిఫికేషన్ (డివైస్ అనుకున్నట్టు పనిచేస్తోందా అని పరీక్షించడం), క్వాలిటీ పనులు చేస్తూ వస్తున్నా, ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేసే ప్యానెల్స్‌లో కూర్చుంటా. మన పిల్లలు అప్పు గురించి నా దగ్గరకి చాలామందే వస్తుంటారు. అక్క చెప్తోందనుకుని విను.

ముందు ఆ లక్ష డాలర్ల సంగతి. అంకె అబద్ధం కాదు. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023 మేలో బయోమెడికల్ ఇంజినీర్ల మీడియన్ జీతం ఏడాదికి 1,00,730 డాలర్లు. కానీ మీడియన్ అంటే అందరి జీతాల్లో మధ్య అంకె, పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు అనుభవం ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నట్టు. కొత్తగా ఎంఎస్ చేసి వచ్చినవాళ్లకి నేను చూసిన ఆఫర్లు ఎక్కువగా 70 నుంచి 85 వేల మధ్యలో ఉంటాయి, యూనివర్సిటీ ల్యాబ్‌లో రీసెర్చ్ ఇంజినీర్ పోస్టు అయితే ఇంకా తక్కువ. ఇదీ తక్కువ జీతమేం కాదు. నన్ను భయపెట్టేది జీతం కాదు, ఉద్యోగాల సంఖ్య.

అదే శాఖ లెక్కల్లో 2023లో దేశం మొత్తం మీద బయోమెడికల్ ఇంజినీర్ అనే హోదాలో ఉన్న ఉద్యోగాలు దాదాపు 20 వేలు. మళ్లీ చదువు, ఇరవై వేలు. మెకానికల్ ఇంజినీర్లు చూస్తే 2.9 లక్షల దాకా ఉన్నారు, సాఫ్ట్‌వేర్ డెవలపర్లు 16 లక్షల పైన. మన కాలేజీలో సీఎస్‌ఈ వాడు అప్పు చేసి వెళ్లి బయటపడ్డాడని నువ్వు అదే లెక్క వేసుకుంటే కుదరదు, ఎందుకంటే వాడికి వంద కంపెనీలు కాదంటే ఇంకో వెయ్యి ఉంటాయి, మనకి ఆ అవకాశం లేదు. పైగా ఉన్న డివైస్ కంపెనీలు కూడా కొన్ని ఊళ్ల చుట్టూనే ఉంటాయి. మినియాపోలిస్ చుట్టుపక్కల, బోస్టన్, కాలిఫోర్నియాలో అర్వైన్ వైపు, బే ఏరియా, ఎముకలు కీళ్ల ఇంప్లాంట్లకయితే ఇండియానాలో వార్సా అనే చిన్న ఊరు. ఆ ఊళ్లలోనే పోటీ అంతా.

ఇంకో విషయం, ఆ కంపెనీల్లో ఆర్ అండ్ డీ పోస్టుకి ప్రకటన ఇస్తే "బయోమెడికల్ లేదా మెకానికల్ లేదా ఎలక్ట్రికల్" అని రాస్తారు. అంటే మన పోస్టుకి మెకానికల్ వాళ్లు కూడా వస్తారు, కానీ వాళ్ల పోస్టులకి మనం వెళ్లలేం. క్యాథెటర్ (శరీరంలోకి పంపే సన్న గొట్టం) డిజైన్ చెయ్యాలంటే సాలిడ్‌వర్క్స్, టాలరెన్సులు, ప్లాస్టిక్ మోల్డింగ్ తెలిసిన మెకానికల్ వాడు మేనేజర్‌కి ఎక్కువ నచ్చుతాడు. నాకు ఇది నచ్చదు కానీ ప్యానెల్‌లో జరిగేది ఇదే.

ఇప్పుడు నీ అప్పు లెక్క. కన్సల్టెన్సీ వాళ్లు 45 లక్షల్ని 90 రూపాయలతో భాగించి "50 వేల డాలర్లే కదా" అంటారు. అసలు కట్టాల్సింది అది కాదు. చదివే రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలలు ఈఎంఐ ఉండదు, కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. సగం మొత్తం మొదటి ఏడాది మొదట్లో, సగం రెండో ఏడాది మొదట్లో రిలీజ్ అయిందనుకుందాం. 11 శాతం సాధారణ వడ్డీ వేసినా ఈఎంఐ మొదలయ్యే నాటికి పది లక్షలు వడ్డీ చేరి 55 లక్షలు అవుతుంది. దాన్ని పదేళ్లకి పెడితే నెలకి దాదాపు 76 వేలు. పదిహేనేళ్లకి పెడితే 62 వేల పైన, కానీ మొత్తం కట్టేది కోటి దాటి పోతుంది.

76 వేలు అంటే 90 రూపాయల లెక్కన నెలకి 850 డాలర్ల లోపే. అక్కడ 80 వేల డాలర్ల ఉద్యోగం వస్తే ట్యాక్సులు, ఇన్సూరెన్స్ పోను నెలకి సుమారు 5,200 నుంచి 5,500 చేతికొస్తుంది, ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే పొదుపుగా 2,500లో బతకొచ్చు. స్టూడెంట్ వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం ఉండదు, అదీ కలిసొస్తుంది. అంటే నెలకి రెండున్నర వేలు పైన మిగిలి, గట్టిగా కడితే రెండేళ్ల పైచిలుకులో ఆ 55 లక్షలు తీరిపోతాయి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేది ఈ భాగం. ఇది నిజమే, ఉద్యోగం వెంటనే వస్తే, మూడేళ్లూ పోకుండా ఉంటే.

అవి రెండూ జరగకపోతే ఏమవుతుందో వాళ్లు చెప్పరు. చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చెయ్యనిచ్చే ఓపీటీ 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ చదివినవాళ్లకి స్టెమ్ ఎక్స్‌టెన్షన్ 24 నెలలు, మొత్తం మూడేళ్లు. మొదటి ఏడాదిలో 90 రోజులు దాటి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, మూడేళ్లూ కలిపి 150 రోజులు. ఎక్స్‌టెన్షన్ కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి, చిన్న స్టార్టప్‌లు చాలా వాటికి ఆ ఓపిక ఉండదు. మన రంగంలో హైరింగ్ నెమ్మదిగా నడుస్తుంది, అప్లై చేసిన దగ్గర్నుంచి ఆఫర్ దాకా మూడు నెలలు పట్టడం మామూలే. 90 రోజుల గడువుకీ ఈ నెమ్మదికీ అస్సలు పొసగదు.

తర్వాత హెచ్1బి, అంటే ఉద్యోగ వీసా. ఏటా ఇచ్చేది 85 వేలు, అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి. 2025 మార్చి లాటరీకి సుమారు 3.44 లక్షల రిజిస్ట్రేషన్లు వస్తే 1.2 లక్షలు సెలెక్ట్ చేశారు. 2026 నుంచి జీతం లెవెల్‌ని బట్టి లాటరీలో బరువు పెట్టారు, ఎక్కువ లెవెల్ జీతం ఉన్నవాళ్లకి ఎక్కువ చీటీలు పడతాయి, ఫ్రెషర్‌కి ఒకటో లెవెలో రెండో లెవెలో ఉంటుంది కాబట్టి మీ బ్యాచ్‌కి మునుపటి కంటే కష్టమే. ఇంకొకటి, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బిల మీద వచ్చిన లక్ష డాలర్ల ఫీజు, అమెరికాలోనే ఉండి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) నుంచి హెచ్1బికి మారేవాళ్లకి వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు, కానీ ఒకసారి ఇండియాకి వచ్చేసి ఇక్కడి నుంచి కొత్త హెచ్1బి మీద వెళ్దామంటే ఆ ఫీజు అడ్డం పడుతుంది. అంటే "వెనక్కొచ్చి మళ్లీ ట్రై చేద్దాం" అనే దారి మనలాంటివాళ్లకి దాదాపు మూసుకుపోయినట్టే. ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి, నువ్వు వెళ్లేనాటికి ఇంకోలా ఉండొచ్చు. అందుకే ఆ రూల్ మీద ఇల్లు పెట్టొద్దంటున్నా.

మన రంగానికి ఉన్న ఒక మంచి అవకాశం కూడా చెప్తా, చాలామందికి తెలీదు. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని హాస్పిటళ్లు, రీసెర్చ్ సంస్థలు హెచ్1బి కోటా పరిధిలోకి రావు, లాటరీ లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా ఫైల్ చెయ్యొచ్చు. ఇమేజింగ్ ల్యాబులు, రిహాబ్ ల్యాబులు, క్లినికల్ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్లు, ఇవన్నీ మన చదువుకి సరిపోయేవే. జీతం తక్కువ, 55 నుంచి 65 వేలు నేను చూశా. 55 లక్షల అప్పుంటే ఆ జీతం మీద ఊపిరాడదు, 25 లక్షలుంటే హాయిగా ఉండొచ్చు. అప్పు తక్కువుంటే ఇలాంటి దారులు తెరుచుకుంటాయి, ఎక్కువుంటే ఏ ఉద్యోగమొచ్చినా జీతమే చూసి ఒప్పుకోవాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. నేను అందర్నీ చెయ్యమనేది ఇదొక్కటే. అక్కడ ఉద్యోగం రాలేదు, నువ్వు రెండున్నరేళ్లకి హైదరాబాద్ వచ్చేశావు అనుకో. అప్పుడు ఈఎంఐ ఎవరు కడతారు? ఇక్కడ హాస్పిటల్ బయోమెడికల్ పోస్టు మూడు నాలుగు లక్షలు, అప్లికేషన్ స్పెషలిస్టు (డాక్టర్లకి మెషీన్ వాడకం నేర్పేవాడు) అయితే కొంచెం ఎక్కువ, పెద్ద కంపెనీల ఆర్ అండ్ డీ సెంటర్లో ఎంఎస్ ఉన్నవాడికి ఎనిమిది పది లక్షలు రావచ్చు, నేను చూసినంతలో. పది లక్షలు అనుకున్నా చేతికి నెలకి 70 వేల పైచిలుకు, ఈఎంఐ 76 వేలు. జీతం మొత్తం కట్టినా చాలదు, మిగతాది నాన్నగారి జీతంలోంచి పోవాలి, ఆయనకేమో ఆ సమయానికి రెండున్నరేళ్ల సర్వీసే మిగిలి ఉంటుంది. అదే లోన్ 25 లక్షలయితే మారటోరియం (ఈఎంఐ లేని కాలం) వడ్డీతో కలిపి 30 లక్షల చిల్లర, ఈఎంఐ 42 వేలు. కష్టమే, కానీ ఇల్లు నిలబడుతుంది. 45కీ 25కీ మధ్య తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది, యూనివర్సిటీ ర్యాంకుల్లో కాదు.

ఇల్లు తాకట్టు అంటే అదేదో కాగితం అనుకోకు. 2002 సర్ఫేసీ చట్టం ప్రకారం ఈఎంఐలు ఆగి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే బ్యాంకు కోర్టుకి వెళ్లకుండానే నోటీసులిచ్చి ఆస్తి స్వాధీనం చేసుకుని వేలం వెయ్యొచ్చు. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మాట తెలిసి కూడా పిల్లాడి ముందు అనరు, "నువ్వెళ్లు నాన్నా, మేం చూసుకుంటాం" అంటారు. కాబట్టి నువ్వే కూర్చుని నాన్నగారితో ఈ అంకెలు మాట్లాడు, అమ్మని కూడా కూర్చోబెట్టు.

నాకు తెలిసిన ఇద్దరి సంగతి చెప్తా, పేర్లు వద్దు. ఒకబ్బాయి మంచి స్టూడెంట్, 50 లక్షల పైన లోన్, టిష్యూ ఇంజినీరింగ్ ట్రాక్ తీసుకున్నాడు ఎందుకంటే ఆ ప్రొఫెసర్‌కి చాలా పేరు. ల్యాబ్ పని నిజంగా బాగా చేశాడు. కానీ ఆ సబ్జెక్టులో మాస్టర్స్ స్థాయిలో కంపెనీ ఉద్యోగాలు చాలా తక్కువ, పీహెచ్‌డీ వాళ్లనే అడుగుతారు. 90 రోజులు దగ్గరకొచ్చేసరికి జీతం లేని వాలంటీర్ పనిలో చేరి గడువు ఆపుకున్నాడు, ఆరు నెలల తర్వాత ఒక కాంట్రాక్టు దొరికింది, అది కూడా ఏడాదిలో అయిపోయింది. ఇప్పుడు ఇండియాలో ఉన్నాడు, వాళ్ల నాన్న పీఎఫ్ తీసి ఈఎంఐలు కడుతున్నారు. అబ్బాయిలో లోపమేం లేదు, ఆ అప్పు ఆ సబ్జెక్టు మీద నిలబడేది కాదు, అంతే.

రెండోది ఒకమ్మాయి, మార్కులు అతనికంటే తక్కువే. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక డివైస్ ఆర్ అండ్ డీ సెంటర్లో కాంట్రాక్టు మీద టెస్టింగ్‌లో చేరి రెండేళ్లు చేసింది. టెస్ట్ ప్రోటోకాల్ రాయడం, రిస్క్ ఫైల్ అప్‌డేట్ చెయ్యడం, ఆడిట్‌లో కూర్చోవడం, ఇవన్నీ చేతులతో చేసింది. దాచుకున్న డబ్బు, ఇంట్లో కొంత, లోన్ 18 లక్షలు, స్టేట్ యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడ ఇంటర్వ్యూలో "డిజైన్ వెరిఫికేషన్ ఫెయిల్ అయితే ఏం చేస్తావు" అని అడిగితే మిగతా ఫ్రెషర్లు పుస్తకంలో ఉన్నది చెప్తారు, ఈ అమ్మాయి తను చేసింది చెప్పింది. డిగ్రీ పూర్తవకముందే ఆఫర్ వచ్చింది. ఇలాంటి వాళ్లని చూశాకే నీకు ఆగమని అంత గట్టిగా చెప్తున్నా.

ఈ ఏడాదిలో ఏం నేర్చుకోవాలంటే, మన రంగంలో డబ్బులొచ్చేది రూల్ తెలిసినవాడికి. ఐఎస్ఓ 13485 అంటే క్వాలిటీ సిస్టమ్, ఐఎస్ఓ 14971 రిస్క్ మేనేజ్‌మెంట్, ఐఈసీ 60601 ఎలక్ట్రికల్ సేఫ్టీ, ఐఈసీ 62304 డివైస్ సాఫ్ట్‌వేర్. అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా తన క్వాలిటీ రూల్స్‌ని 2026 ఫిబ్రవరి 2 నుంచి ఐఎస్ఓ 13485తో కలిపేసింది, అంటే నువ్వు ఇక్కడ సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులోని ఫ్యాక్టరీలో నేర్చుకున్న పద్ధతే అక్కడా పనికొస్తుంది. ఇదివరకు రెండూ వేర్వేరని చెప్పి మన అనుభవాన్ని తీసిపారేసేవాళ్లు, ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. మన దగ్గర కూడా మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 వచ్చాక లైసెన్సు కోసం కంపెనీలకి ఈ పని తెలిసిన మనుషులు కావాలి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, హైదరాబాద్‌లో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ సెంటర్ ఉంది, బెంగళూరులో జీఈ, ఫిలిప్స్, సీమెన్స్ హెల్తినీర్స్ ఉన్నాయి. మెడికల్ డివైసులు మన ఊరికి కొత్త కూడా కాదు, గుండె డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి హైదరాబాద్‌లో తక్కువ ఖరీదు స్టెంట్ చేసింది తొంభైల్లోనే.

నీ క్యాంపస్ ఆఫర్ గురించి నా అభిప్రాయం, సర్వీస్ పని చెడ్డదేం కాదు, వెంటిలేటర్ విప్పి మళ్లీ బిగించినవాడికి మెషీన్ గురించి తెలిసినంత ల్యాబ్‌లో కూర్చున్నవాడికి తెలీదు. కానీ అదొక్కటే ఉంటే అమెరికాలో నిన్ను ఎక్విప్‌మెంట్ టెక్నీషియన్ లెక్కలో చూస్తారు, ఆ పోస్టుకి సాధారణంగా రెండేళ్ల డిగ్రీ చాలు, దాని మీద హెచ్1బి రావడం చాలా కష్టం. కాబట్టి ఆ ఆఫర్లో చేరి, ఆరు నెలల్లో టెస్టింగ్, క్వాలిటీ, రెగ్యులేటరీ వైపు మారే ప్రయత్నం చెయ్యి. జీతం కొంచెం తక్కువైనా మారు.

ఎంఎస్‌లో ఏ ట్రాక్ తీసుకోవాలి అని నువ్వు అడగలేదు కానీ అప్పుతో దీనికి నేరుగా సంబంధం ఉంది. లోన్ మీద వెళ్లేవాడు ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎంబెడెడ్, ఇమేజింగ్‌తో పాటు మెషీన్ లెర్నింగ్, లేదా బయోమెకానిక్స్‌తో పాటు డిజైన్, వీటిలో ఉండాలి. టిష్యూ, జీన్ థెరపీ, నానో ఇవన్నీ గొప్ప సబ్జెక్టులే, మనసు అక్కడే ఉంటే ఎంఎస్‌కి అప్పు చెయ్యకు, నేరుగా పీహెచ్‌డీకి అప్లై చెయ్యి, బీటెక్ తర్వాతే తీసుకుంటారు, ట్యూషన్ ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. 2025లో ఎన్ఐహెచ్ (అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) గ్రాంట్లకి కోతలు పడి సీట్లు తగ్గించిన డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, అయినా అప్పు లేకుండా వెళ్లే దారి అదే. ఎంఎస్‌లో చేరాక ఆర్ఏ (ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్ పని) దొరుకుతుంది, ఫీజు మాఫీ అవుతుంది అనే నమ్మకంతో మాత్రం లెక్క వెయ్యకు, దొరికితే సంతోషం, లెక్కలో మాత్రం సున్నా వేసుకో.

లోన్ గురించి కొన్ని పనికొచ్చే మాటలు. ముందు ప్రభుత్వ బ్యాంకుకి వెళ్లు, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) కంటే వడ్డీ తగ్గుతుంది, కాస్త తిప్పుతారు అంతే. చదివేటప్పుడే నెలనెలా సాధారణ వడ్డీ కట్టేస్తే కొన్ని బ్యాంకుల్లో రేటులో తగ్గింపు ఉంటుంది, ఆ వడ్డీ కూడా అసలులో కలవదు. హామీ లేకుండా డాలర్లలో లోన్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఇల్లు పెట్టక్కర్లేదు కదా అని అటు చూస్తావు, కానీ జాగ్రత్త, వెనక్కొస్తే రూపాయల్లో సంపాదించి డాలర్లలో కట్టాలి. 2015లో డాలర్ 64 దగ్గర ఉండేది. రూపాయి లోన్ అయితే ఈ మార్పు నీకు లాభం, డాలర్ లోన్ అయితే నీకు నష్టం. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు (1961 చట్టంలో 80ఈ సెక్షన్) ఉంది, ఎనిమిదేళ్ల దాకా, పాత ట్యాక్స్ పద్ధతిలో మాత్రమే. లోన్ ఎవరి పేరు మీద ఉంది, ఎవరు కడుతున్నారు అనేది చూస్తారు కాబట్టి నాన్నగారు క్లెయిమ్ చెయ్యాలంటే ముందే అడిగి పెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ డబ్బు బయటికి పంపితే టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) పడదు. లోన్ మొత్తానికి సరిపడా నీ పేరు మీద టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకో, బ్యాంకు అంటగట్టే సింగిల్ ప్రీమియం పాలసీ కాకుండా విడిగా, ఇరవై రెండేళ్ల వయసులో ప్రీమియం చాలా తక్కువ.

అమెరికానే ఎందుకు అని కూడా ఒకసారి ఆలోచించు. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్‌కి వేరే పేపర్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో మన డిపార్ట్‌మెంటే ఉంది, త్రివేండ్రంలో శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్ ఉంది, గేట్ మీద ఎంటెక్‌కి నెలకి 12,400 స్టైపెండ్. అప్పు సున్నా. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలకి ట్యూషన్ లేదు, కొన్నిచోట్ల బయటి దేశాలవాళ్లకి పెట్టారు కాబట్టి చూసుకుని అప్లై చెయ్యాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అది నీ ఖర్చులకే నెలనెలా తిరిగొస్తుంది, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు. సీమెన్స్ హెల్తినీర్స్ పెద్ద కేంద్రం ఉన్న ఎర్లాంగన్‌లోనే మెడికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ ఉంది. జర్మన్ భాష బీ1, బీ2 (మధ్య స్థాయి) దాకా నేర్చుకోకపోతే అక్కడ ఉద్యోగం కష్టం, అది ఏడాది పని. నువ్వు ఎలాగూ ఏడాది ఆగుతావు కాబట్టి చెప్తున్నా.

ఎవరికి నా సలహా వర్తించదంటే, ఇంట్లో రెండో ఆస్తి ఉండి 48 లక్షలు పోయినా బతుకు తెరువుకి ఇబ్బంది లేనివాళ్లకి. లేదా ట్యూషన్ సగం పైన తగ్గించే స్కాలర్‌షిప్ లెటర్ చేతిలో ఉన్నవాళ్లకి. లేదా నీ ప్రైవేటు యూనివర్సిటీలో ఆరు నెలల కో-ఆప్ (కంపెనీలో చేసే పని) డిగ్రీలో భాగంగా ఉండి, పోయిన రెండు బ్యాచ్‌ల్లో బయోమెడికల్ ఎంఎస్ చేసిన ఇంటర్నేషనల్ స్టూడెంట్లు ఏ కంపెనీల్లో చేశారో వాళ్లు రాతపూర్వకంగా చూపిస్తే అప్పుడు మళ్లీ మాట్లాడదాం. "మా గ్రాడ్యుయేట్లలో 90 శాతానికి ఉద్యోగాలు" అనే లైను సరిపోదు, అందులో వీసా అక్కర్లేని వాళ్లు, పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లు అందరూ కలిసి ఉంటారు. లింక్డ్‌ఇన్‌లో ఆ యూనివర్సిటీ, ఆ డిగ్రీ, ఇండియాలో బీటెక్ చేసినవాళ్లని వెతికి, ఒక పది పదిహేను మందికి మెసేజ్ పెట్టు, మొదటి ఉద్యోగానికి ఎన్ని నెలలు పట్టిందని ఒక్కటే ప్రశ్న అడుగు. మనవాళ్లు జవాబిస్తారు.

ముందు ఈ వారం చెయ్యాల్సింది, స్టేట్ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడ్మిషన్ ఒక ఏడాది డిఫర్ చేస్తారా, డిపాజిట్ కట్టాలా, కడితే తిరిగిస్తారా అని అడుగు. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు, మళ్లీ అప్లై చెయ్యమంటాయి, పర్వాలేదు, ఏడాది అనుభవంతో రెజ్యూమే ఇంకా బాగుంటుంది. ప్రైవేటు వాళ్లకి డిపాజిట్ కట్టకు. జవాబు వచ్చాక రెండు యూనివర్సిటీల ఫీజు స్ట్రక్చర్, లోన్ శాంక్షన్ లెటర్‌లో వడ్డీ ఫ్లోటింగా ఫిక్స్‌డా అనే వివరం ఇక్కడ పెట్టు, ఈఎంఐ లెక్క నీతో కలిసి మళ్లీ వేస్తా.